ఫాదర్‌గారికి నేను అంటించిన దగ్గు

ఉపదేశిగా ముప్పైమూడేళ్లు పనిచేసి పోయిన వర్షాకాలంలో దిగిపోయాను. నా చోటికి కొత్తగా వచ్చిన ఇద్దరు మొన్న ఇంటికి వచ్చి, ఈ పనికి ముఖ్యంగా ఏం నేర్చుకోవాలని అడిగారు. వేదగ్రంథం, జపాలు, పాటలు వాళ్లకు నాకన్నా బాగా వచ్చు. నేను చెప్పగలిగింది నేను చేసిన తప్పులే. నోటితో చెబుదామని మొదలుపెడితే మధ్యలో నాకే నవ్వొచ్చి ఆగిపోయాను. అందుకని రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. కథోలిక విచారణలో, అంటే పారిష్‌లో, గురువు ఒక్కడే ఉంటాడు, ఆయన చూసుకోవలసిన ఊళ్లు చాలా ఉంటాయి. ఆయన రాలేని ఆదివారం ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, చనిపోయినవాళ్లను మట్టిలో పెట్టేటప్పుడు పుస్తకం పట్టుకుని నిలబడేది ఉపదేశి. మా విచారణ తెలంగాణ సరిహద్దు అవతల హిందీ రాష్ట్రంలో, మద్దేడుకూ భోపాల్‌పట్నానికీ మధ్య ఉంది. ఇక్కడ ఇంకో పని కూడా ఉంటుంది. ఫాదర్ హిందీలో చెప్పింది తెలుగులో చెప్పాలి, తెలుగు రానివాళ్లకు దొర్లీలోనో గోండీలోనో చెప్పాలి, వాళ్లు అడిగింది మళ్లీ ఫాదర్‌కు హిందీలో చెప్పాలి. మధ్యలో ఉన్నవాడు ఏది చెబితే అదే నిజం. ఇంత అధికారం తాసిల్దారుకు కూడా ఉండదు. అక్కడే మనం చెడిపోతాం.

చూసి వచ్చావా, విని వచ్చావా

నాకు మొదటి పై అధికారి ఒక ముసలి ఫాదర్. మనిషి కోపిష్ఠి. సైకిలు తొక్కేటప్పుడు కూడా ఎవరినో తిడుతున్నట్టే ఉండేవాడు. నేను పనిలో చేరిన ఏడాది పామేడు వైపు ఒక ఊళ్లో పెళ్లి కుదిరిందనీ, అమ్మాయి ఇష్టపడుతోందో లేదో కనుక్కుని రమ్మనీ నన్ను పంపాడు. దారి సగంలో సంత తగిలింది. సంతలో ఆ ఊరివాడొకడు కనిపించి, "అంతా తయారుగున్నది, మీరు వచ్చుడే ఆలస్యం" అన్నాడు. ఇంక అంత దూరం ఎందుకని సంతలో బెల్లం జిలేబీ తిని వెనక్కి వచ్చి, అమ్మాయి సిద్ధంగా ఉందని చెప్పాను.

ఫాదర్ పూజ సామాను సైకిలుకు కట్టుకుని, వాగులు దాటి, రెండు రోజులు ప్రయాణం చేసి వెళ్లాడు. వెంట నేనున్నాను. అమ్మాయి నిజంగానే సిద్ధంగా ఉంది. అయితే ఇంకో అబ్బాయితో పెళ్లయిపోయి నెల దాటింది. తయారుగా ఉన్నది ఆ ఊళ్లో ఇంకో ఇంట్లో దున్నపోతు అమ్మకమట. సంతలో నేను అడిగినదేమిటో, వాడు చెప్పినదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

ఫాదర్ తిట్టలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. తిరుగుదారిలో ఒక్కటే అడిగాడు.

"చూసి వచ్చావా, విని వచ్చావా?"

ఆ తరువాత ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఎక్కడికి వెళ్లి వచ్చినా అదే ప్రశ్న. "ఫలానా అవ్వకు జ్వరం తగ్గింది ఫాదర్" అంటే, "చూసి వచ్చావా, విని వచ్చావా?" విని వచ్చానంటే వెనక్కి పంపేవాడు. అలా నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ పద్ధతి తప్పలేదు. తప్పినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

ఫోనులో పూజ

కరోనా వచ్చేనాటికి మా విచారణ గురువు ఫాదర్ జోమోన్. కేరళ మనిషి, చిన్నవాడు, ఉత్సాహం ఎక్కువ. తెలుగు మాట్లాడే మనుషుల దగ్గర కన్నా ముందు పాత జపాల పుస్తకంలో తెలుగు నేర్చుకున్నాడు. అందువల్ల ఆయన మాట ఎప్పుడూ పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుండేది. టీకొట్టు దగ్గర నిలబడి, "అయ్యా, చక్కెర మిక్కిలి తక్కువగా వేయుడి" అనేవాడు. కొట్టువాడు మతంతో సంబంధం లేనివాడే గానీ, ఆ మాట వినగానే చేతులు కట్టుకునేవాడు.

లాక్‌డౌన్ పెట్టారు. గుడి మూసేశారు. నలుగురు చేరకూడదన్నారు. మొదటి ఆదివారానికి ఫాదర్ ఒక ఉపాయం చెప్పాడు. ఒకేసారి ఐదు ఫోన్లు కలపొచ్చట. ఊళ్లో ఐదు ఇళ్లకు తను ఫోన్ చేస్తాడు, ఒక్కో ఇంట్లో ఆ ఇంటివాళ్లు ఫోను చుట్టూ కూర్చుంటారు, గుడిలో తను పూజ చేస్తాడు. నన్ను మాత్రం గుడికి రమ్మన్నాడు, జవాబులు చెప్పడానికి ఒకడైనా కళ్ల ముందు ఉండాలని.

అన్నీ అనుకున్నట్టే మొదలయ్యాయి. కానీ ఊళ్లో సిగ్నల్ ఎక్కడపడితే అక్కడ అందదు. పాటలు ఎత్తే మార్తమ్మ వాళ్లింట్లో గడ్డివాము మీద మాత్రమే అందుతుంది. ఆమె ముసుగు వేసుకుని, భక్తిగా, గడ్డివాము మీద కూర్చుంది. ఆమె మామ రాయప్ప, ఎనభై దాటిన మనిషి, చెవులు వినపడవు, కింద కుర్చీలో కూర్చుని ఇంకా మొదలుపెట్టలేదా అని అరుస్తున్నాడు. ఫాదర్ ప్రార్థన చెబితే ఆమెన్ అందరి నుంచీ ఒకసారి రాదు. ఒకటి వచ్చి వెళ్లాక ఇంకొకటి, ఆ తరువాత ఇంకొకటి. చివరి ఆమెన్ తరువాతి ప్రార్థన మధ్యలో పడేది. ఫాదర్ ఆగేవాడు. ఆయన ఆగాడని వీళ్లు మళ్లీ ఆమెన్ అనేవాళ్లు.

ప్రసంగం మొదలైంది. సహనం గురించి. బాగా చెబుతున్నాడు. మధ్యలో ఎవరి ఫోనులోనో ఒక గొంతు, "రాశన్ బండి వచ్చిందట, పర్చీ పట్టుకొని రాండ్రి" అంది. ఒక ఫోను టక్కుమని ఆగింది. తరువాత రెండోది. గడ్డివాము మీద నుంచి ఎవరో జారిన చప్పుడు వచ్చింది, మార్తమ్మ ఫోనూ ఆగింది. ఫాదర్ కళ్లు మూసుకుని చెబుతున్నాడు గనుక ఆయనకు తెలియదు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నేను పది నిమిషాలు ఊరుకున్నాను. ప్రసంగం అయ్యాక ఆయన ఫోను చూసుకున్నాడు.

"ఇన్నయ్యగారూ, ప్రజలు ఎచ్చటికి పోయిరి?"

"రాశన్‌కు, ఫాదర్."

"మంచిది. అది కూడా అనుదిన ఆహారమే" అన్నాడు. నవ్వాడు గానీ కొంచెం దిగులుపడ్డాడు. చిన్నవాడు కదా.

దగ్గు

ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా గంట మోగకముందు ఒక దగ్గు వినిపించేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత ఒకామె జాగ్రత్తలు చెప్పేది. దేశమంతటికీ తెలిసిన సంగతి. మా ఊళ్లో మాత్రం ఫోన్లు వచ్చేవే గానీ పోయేవి తక్కువ. బయటి ఊళ్లలో ఉన్నవాళ్లే వీళ్లకు చేస్తారు.

బుధవారంనాడు మార్తమ్మ రాశన్ రోజు మధ్యలో లేచిపోయినందుకు క్షమాపణ చెప్పుకుందామని గడ్డివాము ఎక్కి ఫాదర్‌కు ఫోన్ చేసింది. అవతల ఖళ్ ఖళ్ మని దగ్గు. ఆ వెంటనే ఒక ఆడగొంతు హిందీలో, చేతులు కడుక్కోవాలని. మార్తమ్మకు హిందీ అంతంత మాత్రం. ఫాదర్ ఫోను ఎత్తాడు, దగ్గు ఆపుకోలేకపోతున్నాడు, పక్కన నర్సు ఎవరో మాట్లాడుతోంది, ఇదీ ఆమెకు అర్థమైంది. "పండుకోండ్రి ఫాదర్, మాట్లాడకుండ్రి" అని చెప్పి ఫోను పెట్టేసింది. గంట మోగకముందే పెట్టేసింది గనుక అక్కడ ఫాదర్‌కు ఎవరో ఫోన్ చేశారన్న సంగతే తెలియదు.

మార్తమ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఉపదేశయ్యా, ఫాదర్‌కు వచ్చింది."

"ఏంది వచ్చింది?"

"అదే. దగ్గుతాండు. నర్సమ్మ కూడ ఉంది."

మా ఊరి నుంచి గుడికి పదిహేను నిమిషాల నడక. నేను చేయవలసింది లేచి నడవడం. ముసలి ఫాదర్ బతికి ఉంటే ముందుగా ఆ సంగతే అడిగేవాడు. కానీ భయం వేసింది. నిజం చెప్పాలంటే బాగా భయం వేసింది. కనుక ఫోన్ చేశాను. దగ్గు వినపడింది. ఆడగొంతు వినపడింది. వెంటనే పెట్టేసి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఫోనును కూడా కడిగాను. ఆ ఫోను తరువాత సరిగ్గా పనిచేయలేదు.

బయటికి వచ్చేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు. "ఏంది ఉపదేశయ్యా, నిజమేనా?"

"నిజమే. నేను స్వయంగా విన్నాను" అన్నాను.

ఉపదేశి స్వయంగా విన్నానంటే ఇంకేముంది. ఆ సాయంత్రమే ఇంటింటా ఫాదర్ ఆరోగ్యం కోసం జపమాల మొదలైంది. తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టుకున్నారు. ఇంతమంది తన కోసం ప్రార్థిస్తున్నారని ఆయనకు తెలియదు. రోజంతా ఒక్క ఫోనూ రాలేదని, అందరూ తనను మరచిపోయారని ఆయన అక్కడ బాధపడుతున్నాడు. ఫోన్ చేసినవాళ్లు చేశారు, దగ్గు వినగానే కన్నీళ్లతో పెట్టేశారు.

పదునాలుగు దినములు

మా ఊరి మితానిన్, అంటే ఆరోగ్య కార్యకర్త, సుక్కీ దీదీ. ఆమె పుస్తకంలో ఎవరికి దగ్గుందని తెలిసినా పైకి చెప్పాలని రాసి ఉంది. చెప్పింది. మర్నాడు బండి వచ్చింది. తెల్లటి దుస్తుల్లో ముగ్గురు గుడి ఆవరణలో దిగారు. ఆ సమయానికి ఫాదర్ లుంగీ కట్టుకుని, అరుగు మీద కూర్చుని, పేలాలు తింటున్నాడు. ఇదంతా ఆయనే తరువాత చెప్పాడు.

"దగ్గు ఉందట కదా మీకు" అని హిందీలో అడిగారు.

నోటినిండా పేలాలు. లేదని చెప్పబోయి నవ్వాడు, పేలం ఒకటి గొంతుకు అడ్డం పడింది. ఆయన పది నిమిషాలు దగ్గాడు. కళ్ల వెంట నీళ్లు కారేలా దగ్గాడు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని పెట్టె సర్దుకోమన్నారు. వాళ్లను ఎవరు తప్పు పడతారు?

బడిని క్వారంటైన్ కేంద్రంగా మార్చారు. ఫాదర్‌ను అక్కడ పద్నాలుగు రోజులు ఉంచారు. తెలంగాణలో మిర్చి కోతకు వెళ్లి నడిచి తిరిగివచ్చిన కూలీలు పన్నెండుమంది అప్పటికే అక్కడున్నారు. కూలి కింద ఇచ్చిన ఎండుమిర్చి మూటలు వాళ్ల తలల కిందే ఉన్నాయి. పంకా వేయగానే గది గదంతా తుమ్మేది, దగ్గేది. సుక్కీ దీదీ మొదటి రోజు తలుపు తీసి, అందరికీ ఒకేసారి వచ్చేసిందని కూలబడిపోయింది. మూటలు వరండాలో పెట్టించాక గానీ ఎవరికీ ఏమీ లేదని తేలలేదు. ఫాదర్‌కు పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు, అయినా లెక్క ప్రకారం పద్నాలుగు రోజులు ఉండాలన్నారు.

ఆ వారంలోనే నాకు అసలు సంగతి తెలిసింది. భద్రాచలంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాను. దగ్గు. దానికి కూడా వచ్చింది. వివరం కనుక్కుందామని బావకు చేశాను. దగ్గు. ఇంటిల్లిపాదికీ వచ్చింది. ఏడుపు ఆపుకుని, ఏం చేయాలో అడుగుదామని సుక్కీ దీదీకి చేశాను. ఆమె కూడా దగ్గుతోంది. నేను పెట్టేద్దామనుకునే లోపు గంట మోగి ఆమె ఎత్తింది.

"హా, బోలో మాస్టర్‌జీ."

"దీదీ, నీకు దగ్గు ఎప్పటినుంచి?"

"నాకు దగ్గేంది?"

"ఇప్పుడే దగ్గినవు గదా."

"అది నాది కాదు మాస్టర్‌జీ. అది సర్కారు దగ్గు. ఎవరికి చేసినా వస్తది" అంది.

ఇక్కడ, కొత్తగా వచ్చిన పిల్లలారా, మీరు నన్ను సరిగ్గా చూడాలి. వినడంలో పొరపడటం ఎవరికైనా జరుగుతుంది. ఆ రోజే ఊళ్లోకి వెళ్లి, అయ్యా నేను పొరపాటుపడ్డాను, ఫాదర్‌కు ఏమీ లేదు అని చెప్పి ఉంటే అది నవ్వుకునే సంగతిగా అయిపోయేది. నేను చెప్పలేదు. నలభై ఊళ్లలో నా మాటకు విలువ ఉంది, అది పోతుందనుకున్నాను. కొన్ని రోజులైతే అందరూ మరచిపోతారులే అనుకున్నాను.

పాస్కా, అంటే ఈస్టర్, పండుగకు ముందరి మట్టల ఆదివారం వచ్చింది. ఫాదర్ బడి వరండాలో పూజ చేసుకున్నాడు. కూలీలు పన్నెండుమంది, క్రైస్తవులు కాకపోయినా, తోచక ఎదురుగా దూరంగా కూర్చున్నారు. గేటు బయట ఈతమట్ట పట్టుకుని నేనొక్కణ్ణే. పూజ అయ్యాక ఆయన గేటు దాకా వచ్చాడు.

"ఇన్నయ్యగారూ, ప్రజలు ఏల రాలేదు?"

"దారులు బంద్ చేశారు, ఫాదర్."

"మీరు ఏ దారిన వచ్చితిరి?"

నేను ఈతమట్ట ఆకులు సర్దుకున్నాను.

"నా మీద కోపగించిరా వారు?" అన్నాడు. అప్పటికీ నేను నిజం చెప్పలేదు. మట్ట చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చేశాను. పాస్కా పండుగ కూడా ఆయన ఆ వరండాలోనే చేసుకున్నాడు.

పిచికారీ పంపు

ఆయన బయటికి వచ్చాడు. చేతిలో ఏ రోగమూ లేదన్న కాగితం. మనిషి మళ్లీ ఉత్సాహంగా ఉన్నాడు. గుడి తెరవకూడదు, కనీసం తీర్థజలమైనా వీధివీధికీ చల్లాలన్నాడు. దగ్గరికి వెళ్లకూడదు గనుక, మిర్చి తోటకు మందు కొట్టే పిచికారీ పంపు ఒకటి కొత్తది తెప్పించాడు. దానినిండా నీళ్లు మంత్రించి, వీపుకు తగిలించుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, తెల్ల అంగీలో ఊళ్లోకి దిగాడు.

ఆయన ఏ వీధిలోకి వస్తే ఆ వీధిలో తలుపులు పడ్డాయి. టపటపా పడ్డాయి. ఆయన ఆగి, మూసిన తలుపుల మీదే భక్తిగా నీళ్లు చల్లుకుంటూ వెళ్లాడు. వీధి చివర నన్ను చూసి, "ఈ యంత్రమును చూచి భయపడుచున్నారు, పాపము" అన్నాడు.

యంత్రాన్ని చూసి ఎవరూ భయపడలేదు. నాకు తెలుసు.

ఆ వారమే రాయప్ప మంచం పట్టాడు. తిండి మానేశాడు. సుక్కీ దీదీ చూసి ఇది కరోనా కాదు, ముసలితనం, ఎండదెబ్బ అంది. రాయప్పకు మాత్రం తను పోతున్నానని గట్టిగా అనిపించింది. మంచం మీద నుంచి వీధి చివరికి వినపడేలా, "ఫాదర్‌ను పిలవండ్రి. నేను చెప్పుకునేటి పాపాలు ఉన్నయ్" అని అరుస్తున్నాడు. నేను వెళ్లాను. మార్తమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"ఆయన రావద్దు ఉపదేశయ్యా. మామకు ఆ దగ్గు అంటితే?"

"కాగితం ఇచ్చిండ్రు గదమ్మా, ఏమీ లేదని."

"కాగితం దగ్గదు గదా. దగ్గు నేనే విన్న. నువ్వు కూడ విన్నవు. నువ్వే చెప్పినవు."

లోపలి నుంచి రాయప్ప, "వచ్చిండా ఫాదర్?" అని అరిచాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ తలుపు వేసింది. ఆమె చెడ్డది కాదు. నా మాట నమ్మింది, అంతే.

ఒక ముసలివాడు చివరి మాట చెప్పుకోకుండా పోతాడు, నేను ఫోనులో దగ్గు విన్నానని. ఆ గడప ముందు నిలబడి ఇది అనుకున్నాను. ఇంక ఉండలేకపోయాను.

బోరింగ్ దగ్గర

మర్నాడు పొద్దున్నే బోరింగ్ దగ్గరికి వెళ్లాను. నీళ్లకు వచ్చేవాళ్లు దూరం దూరంగా నిలబడాలని నేలమీద సున్నంతో గుండ్రాలు గీశారు. ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి, ఒక్కో బిందె. ఖాళీగా ఉన్న గుండ్రంలో నేను నిలబడ్డాను.

"ఫాదర్‌కు దగ్గు లేదు. ఎప్పుడూ లేదు" అన్నాను. "నేను విన్నది ఫాదర్ దగ్గు కాదు. అది ఫోనులో సర్కారు పెట్టిన దగ్గు. ఎవరికి చేసినా వస్తుంది."

అందరూ నన్ను చూశారు. "ఎండ తగిలిందేమో" అని ఒకామె పక్కామెతో అంది.

మార్తమ్మ కొంగుముడి విప్పి ఫోను తీసి పుట్టింటికి చేసింది. స్పీకరు పెట్టింది. బోరింగ్ దగ్గర సిగ్నల్ అందుతుందని ఆ రోజే తెలిసింది, పాపం ఆమె అన్నాళ్లు గడ్డివాము ఎక్కింది. ఖళ్ ఖళ్ మని దగ్గు వచ్చింది. ఆమె ముఖం మారింది. వెంటనే ఎవరికి తోచినవాళ్లకు వాళ్లు చేశారు. ఒకామె తమ్ముడికి, ఒకాయన ఎరువుల కొట్టుకు. నమ్మకం కుదరక ఒకాయన ఎదురు గుండ్రంలో నిలబడి ఉన్న సొంత భార్యకే చేసి, ఆమె నోటికేసి చూస్తూ దగ్గు విన్నాడు. బోరింగ్ చుట్టూ ఫోన్లన్నీ ఒకదాని తరువాత ఒకటి దగ్గాయి.

నవ్వులు మొదలయ్యాయి. మార్తమ్మ మాత్రం నవ్వలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది ఉపదేశయ్యా?"

"మట్టల ఆదివారానికి ముందే."

నవ్వులు ఆగిపోయాయి.

"మట్టల ఆదివారం, పాస్కా పండుగ, రెండూ పోయినయి. ఆయన ఆడ ఒక్కడే చేసుకున్నడు. మొన్న నీళ్లు చల్లుకుంట వస్తే నేను తలుపేసిన. నువ్వు చూసుకుంట నిలబడ్డవు" అంది. చాలా నెమ్మదిగా అంది. ముప్పైమూడేళ్లలో నన్ను ఎందరో తిట్టారు. అంత సరిగ్గా ఎవరూ తిట్టలేదు.

అక్కడి నుంచి గుడికి నడిచాను. పదిహేను నిమిషాలే. ఫాదర్‌కు అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ నేను ఫోను కడిగిన దగ్గరకు వచ్చేసరికి నవ్వబోయి, ఆగాడు.

"నేను వారికి ఇష్టుడను కానని తలంచితిని" అన్నాడు. "బదిలీ కోరుచు ఉత్తరము కూడా వ్రాసితిని."

బల్ల మీద కవరు ఉంది. అంటించి ఉంది. ఆయన దాన్ని తీసి చింపి, నాకు ప్రాయశ్చిత్తం చెప్పాడు. ఒక నెల రోజులు ఆ పిచికారీ పంపు నేను మోయాలి. నిండా నీళ్లతో. నా నడుము నొప్పి అప్పటిదే.

రాయప్ప చెప్పుకున్న రోజు

పాపసంకీర్తనంలో ఒకరు తన పాపాలు చెప్పుకుంటే గురువు ప్రాణం పోయినా బయట పెట్టడు. పక్కన పోతూ పొరపాటున విన్నవాడు కూడా పెట్టకూడదు. ఇది మీకు మొదటి వారంలోనే చెప్పి ఉంటారు. ఇప్పుడు రాయబోయేది రాయప్ప తనే, మంచం మీద నుంచి లేచి తిరిగాక, ఊరందరికీ పదిసార్లు చెప్పుకుని నవ్వుకున్నాడు. నన్ను రాయమన్నాడు కూడా. లేకపోతే రాసేవాణ్ణి కాను.

ఆ మధ్యాహ్నమే ఫాదర్ వెళ్లాడు. మార్తమ్మ తలుపు బార్లా తీసి, గడప కడిగి, పక్కకు నిలబడింది. ఆయన ఏమీ జరగనట్టే, "సమాధానము కలుగును గాక" అని లోపలికి వెళ్లాడు. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. రూలు ప్రకారం ఫాదర్ ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. రాయప్పకు ఆరంగుళాల దూరంలోనే వినపడదు. తనకు వినపడదు గనుక ఎదుటివాళ్లకూ వినపడదని ఆయన నమ్మకం, అందుకని అరుస్తాడు. మొదటి మాటకే పక్కవీధిలో కుక్కలు లేచాయి.

ఫాదర్ బయటికి వచ్చాడు. "ఇన్నయ్యగారూ, జనులను దూరముగా తీసికొని పొండు. పాటలు పాడించుడు. గట్టిగా."

వీధివాళ్లందరినీ బోరింగ్ దగ్గరికి తోలుకుపోయాను. ఎవరి గుండ్రంలో వాళ్లు నిలబడ్డారు. మండుటెండ. మార్తమ్మ పాట ఎత్తింది. ముందు తపస్సుకాలం పాటలు పాడాం. రాయప్ప ఇంకా ఆపలేదు. పాస్కా పాటలు పాడాం. మరియమాత పాటలు అయిపోయాయి. పెళ్లిపాటలు అయిపోయాయి. పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునేంతసేపు ఆగామా, ఆ ఇంట్లోంచి ఒక ముక్క వచ్చి పడేది. వినకుండా ఉండాలని వెంటనే ఇంకోటి అందుకునేవాళ్లం. ఎనభై ఏళ్ల మనిషి, చిన్నప్పటి నుంచి మొదలుపెట్టాడు. చివరికి క్రిస్మస్ పాటలు తప్ప మిగలలేదు. ఆ ఎండలో, చెమటలు కారుతూ, బాలయేసు చలిలో పుట్టాడని పాడుతున్నాం.

ఒక పాట అయిపోయింది. తరువాతి పాట ఏమిటో మార్తమ్మకు తట్టలేదు. నాకూ తట్టలేదు. అప్పుడు వచ్చింది రాయప్ప గొంతు, అక్షరం పొల్లుపోకుండా.

"శౌరిగాని పందెం పుంజును నేనే కోసుకున్న ఫాదర్."

ఫాదర్ గొంతు, ఆయన కూడా అరవక తప్పదు కదా: "ఎన్ని పర్యాయములు?"

"ఒక్కటే పుంజుండె గద వానికి."

శౌరయ్య రాయప్పకు పక్కింటివాడు. నాలుగో గుండ్రంలో ఉన్నాడు. అరవై దాటినవాడు, మాట తక్కువ మనిషి. ఆ పుంజు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన వయసులో ఉన్నప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని సంతలన్నీ తిరిగాడు, అది ఒక్క పందెం ఓడలేదు. ఒక రోజు కనిపించకుండా పోయింది. అడవిపిల్లి పట్టుకుపోయిందనుకుని మూడు నెలలు దానికి ఉచ్చులు పెట్టాడు. ఆ మూడు నెలలూ రాయప్ప వెంట తిరిగి, ఉచ్చులు పెట్టడంలో సాయం చేశాడు.

ఎవరూ కదల్లేదు. అందరూ శౌరయ్యను చూస్తున్నారు, చూడనట్టు. మార్తమ్మ తల వంచుకుంది. ఆమె రాయప్పకు కోడలు, నోరు ఎలా లేస్తుంది? ఆ ఇంట్లోంచి ఇంకో ముక్క మొదలవబోతోంది.

శౌరయ్య గొంతు సవరించుకున్నాడు. నా ముప్పైమూడేళ్లలో ఆయన గుడిలో నోరు తెరవగా నేను చూడలేదు. ఎందుకు తెరవలేదో అప్పుడు తెలిసింది. శ్రుతి లేదు, తాళం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, మెడనరాలు ఉబ్బేలా, అప్పుడే అయిపోయిన క్రిస్మస్ పాటనే మళ్లీ మొదటి నుంచి ఎత్తాడు. మార్తమ్మ తలెత్తి చూసింది. ఆమె అందుకుంది. తరువాత మేమంతా అందుకున్నాం. బోరింగ్ గొట్టం అదిరేలా పాడాం. రాయప్ప ఇల్లు మాకు వినపడలేదు.

పాట అయిపోవస్తోంది. శౌరయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఇంకోటి ఎత్తు ఉపదేశయ్యా" అన్నాడు. "ముసలోనిది ఇంకా అయిపోలే."